ప్రామ్ గౌను కొన్న కన్‌సైన్‌మెంట్ దుకాణం: ఒక తల్లి సమీక్ష

మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ చివరి తరగతి చదివింది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో మేముండే ఊళ్ళో ప్రామ్, అంటే హైస్కూల్ పిల్లలు ముస్తాబై వెళ్ళే డాన్స్ పార్టీ, మే నెలలో జరిగింది. టిక్కెట్టు, మణికట్టుకు కట్టుకునే కోర్సాజ్ పూలు, స్నేహితులతో భోజనం ఎలాగూ తప్పవు కాబట్టి, ఖర్చు తగ్గించుకోవడానికి వీలున్నది గౌను దగ్గరేనని మేమిద్దరం జనవరిలోనే అనుకున్నాం. అందుకే సొంతదారుల తరఫున బట్టలు అమ్మిపెట్టి, వచ్చిన డబ్బులో వాటా తీసుకునే ఒక కన్‌సైన్‌మెంట్ దుకాణానికి వెళ్ళాం.

నాకు మొదట సంకోచంగానే ఉండింది. అక్క లంగా చెల్లెలికి వేయడం మన ఇళ్ళలో మామూలే గాని, ముఖం తెలియని వాళ్ళు తొడిగిన గౌను బిడ్డకు కొనడం వేరు. అయితే అక్కడి గౌన్లన్నీ డ్రై క్లీనింగ్ చేయించి తెచ్చినవే. రాలిన చమ్కీ, చిన్న మరక వంటి లోపం ఏదైనా ఉంటే దాన్ని ధర చీటీ మీదే రాసిపెడుతున్నారు. ఆలోచిస్తే ప్రామ్ గౌను జీవితకాలమంతా కలిపి ఒక్క సాయంత్రమే కదా.

ఆ దుకాణంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడ పనిచేసే పెద్దావిడ చెప్పిన సలహా. మా అమ్మాయి మొదట ఎంచుకున్నది కింది అంచు వరకు పూసలు కుట్టిన 60 డాలర్ల గౌను. దాని పొడవు తగ్గించాలంటే అంచు పూసలను చేత్తో విప్పి, బట్ట మడిచి, మళ్ళీ ఒక్కొక్కటిగా కుట్టాలని, ఆ కూలి గౌను ధరను మించిపోతుందని ఆవిడ ముందే హెచ్చరించారు. వదులుగా ఉన్నదాన్ని బిగించడం తేలికని, బిగుతుగా ఉన్నదాన్ని వదులు చేయాలంటే కుట్టు లోపల బట్ట మిగిలి ఉండాలని లోపలి వైపు తిప్పి మరీ చూపించారు. భుజాల దగ్గర, ఛాతీ దగ్గర సరిపోయిన గౌను తీసుకొని, మార్పును అంచు వరకే పరిమితం చేయమన్నారు. చౌక గౌను ఖరీదైపోయేది ఆల్టరేషన్ దగ్గరేనని అంతవరకు నేను గ్రహించలేదు.

చివరికి తీసుకున్నది వీపున తాళ్ళతో బిగించుకునే సాదా సాటిన్ గౌను. దాని మీద మొదటి దుకాణం చీటీ ఇంకా ఉంది, 480 డాలర్లు. మేము ఇచ్చింది 85. పెన్సిల్వేనియాలో మామూలు దుస్తులకు అమ్మకపు పన్ను లేకపోయినా ప్రామ్ గౌను ఫార్మల్ దుస్తుల, అంటే వేడుకలకు వేసుకునే వాటి కిందికి వస్తుంది కనుక 6 శాతం, అంటే 5 డాలర్ల 10 సెంట్లు పడింది. అంచు మడిచినందుకు దర్జీకి 45 డాలర్లు. మొత్తం 135 డాలర్ల 10 సెంట్లు. కొలతకు వెళ్ళేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే చెప్పులు తప్పక తీసుకెళ్ళండి. మడమ ఎత్తు మారితే అంచు లెక్కంతా తప్పుతుంది. ఏప్రిల్‌లో దర్జీలకు తీరిక ఉండదు కాబట్టి మార్చిలోనే ఆ పని ముగించుకోవడం మేలు.

లోపాలూ ఉన్నాయి. బట్టలు మార్చుకునే గది ఒక్కటే, అందులో వెలుతురు చాలదు. లైనింగ్‌లో చిన్న చిరుగు ఉన్న సంగతి ఇంటికి వచ్చాక గాని మాకు తెలియలేదు. దాని గురించి చీటీ మీద లేదు. కొన్నది వెనక్కి తీసుకోకపోవడం ఆ దుకాణం నియమం, బిల్లు మీద ముందే అచ్చు వేసి ఉంది కనుక వాదించలేకపోయాను. ఆ చిరుగు నేనే కుట్టాను. కొనేముందు గౌనును కిటికీ వెలుతురులో లోపలా బయటా చూడాలి. ఫార్మల్ గౌన్ల సైజు రోజువారీ బట్టల సైజుతో చాలాసార్లు కలవదు కాబట్టి అంకెను నమ్మకుండా తొడిగే చూడాలి.

ప్రామ్ ముగిశాక గౌను అమ్మకానికి పెడదామని వెళ్తే, ఈ రకం దుస్తులు మళ్ళీ జనవరిలోనే తీసుకుంటామన్నారు. అమ్ముడైన ధరలో సగం మాకిస్తారు. అప్పటిదాకా దాన్ని డ్రై క్లీనింగ్ చేయించి, అలమరాలో గుడ్డ సంచిలో వేలాడదీశాం.