సిమ్స్ 4: ఆడే తీరును బట్టే ఆట

మనం తయారుచేసిన మనుషుల జీవితాన్ని నడిపే వీడియో గేమ్ సిమ్స్ 4 బోర్ కొడుతోందని ఎవరైనా అంటే నేను ముందు అడిగేది ఒక్కటే: ఎలా ఆడుతున్నారు? ఏ ప్యాక్‌లు (విడిగా కొనుక్కునే అదనపు భాగాలు) ఉన్నాయన్నది తర్వాతి సంగతి. 2014 సెప్టెంబరులో వచ్చిన ఈ గేమ్‌ను నేను ఏళ్ల తరబడి ఆడుతున్నాను. ప్యాక్‌లు లేని అసలు గేమ్, అంటే బేస్ గేమ్, 2022 అక్టోబరు నుంచి ఉచితం కాబట్టి ఇప్పుడు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకుని చూడొచ్చు. అదే గేమ్ ఒకరికి వారం తిరక్కుండానే మొహం మొత్తుతుంది, ఇంకొకరికి ఏళ్లు గడిచినా తనివి తీరదు. తేడా ఆడే తీరులోనే ఉందని నా గట్టి నమ్మకం.

చాలామంది మొదలుపెట్టే పద్ధతి ఒకేలా ఉంటుంది. ఒక సిమ్‌ను, అంటే గేమ్‌లోని మనిషిని, తయారుచేస్తారు, చేతిలో ఉన్న 20,000 సిమోలియన్లతో (గేమ్‌లోని డబ్బుతో) చిన్న ఇల్లు చూస్తారు, ఉద్యోగంలో పెడతారు, ఇక ప్రమోషన్ల వెంట పరుగే. ఉద్యోగానికి తగ్గ మూడ్‌లో ఉండగా పనికి పంపించి, అడిగిన స్కిల్ పెంచుతూ పోతే కెరీర్ చివరి మెట్టుకు చేరడం ఏమంత కష్టం కాదు. పెద్ద ఇల్లు వస్తుంది, డబ్బు పేరుకుంటుంది, ఆ తర్వాత ఏం చేయాలో తోచదు. గెలవడానికే ఆడేవాళ్లకు ఈ గేమ్ దగ్గర ఇచ్చేందుకు పెద్దగా ఏమీ లేదు. గెలుపు అనేదే ఇందులో లేదు మరి.

కష్టపడకుండా డబ్బు తెప్పించే కోడ్, మదర్‌లోడ్ చీట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక్కసారి టైప్ చేస్తే 50,000 వచ్చి పడతాయి. ఇళ్లు కట్టడమే ఇష్టమైనవాళ్లు మొహమాటం లేకుండా వాడుకోవచ్చు. కుటుంబ కథ నడపాలనుకునేవాళ్లు మాత్రం దాని జోలికి పోకపోతేనే మంచిది. బిల్లు కట్టకపోతే కరెంటూ నీళ్లూ ఆగిపోతాయన్న టెన్షన్ ఉన్నన్నాళ్లే, పుట్టబోయే బిడ్డకోసం ఇంకో గది వేసుకోవడంలో సంతోషం ఉంటుంది.

ఇళ్లు కట్టేవాళ్ల దారే వేరు. వాళ్లు సిమ్‌లతో అసలు ఆడకుండానే ఏళ్లు గడిపేయగలరు. అందులో ఆశ్చర్యం లేదు. ఈ సిరీస్ సృష్టికర్త విల్ రైట్ ఇల్లు 1991లో ఓక్లాండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో కాలిపోయింది. మళ్లీ ఒక్కో వస్తువూ సమకూర్చుకోవాల్సి వచ్చిన ఆ అనుభవంలోంచి ఈ ఆలోచన పుట్టింది. మొదట్లో ఆయన అనుకున్నది ఇళ్లు కట్టే గేమే. కట్టిన ఇల్లు బాగుందో లేదో తేల్చడానికి మనుషుల్ని పెట్టారు, 2000లో మొదటి గేమ్ బయటికొచ్చేసరికి ఆ మనుషులే ముఖ్యమైపోయారు. అయినా ఈరోజుకీ సిమ్స్ 4లో అన్నిటికన్నా పకడ్బందీగా ఉన్న భాగం ఇళ్లు కట్టే బిల్డ్ మోడే అంటాను.

నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచింది మాత్రం తరాలవారీగా ఆడటం. ఒక సిమ్‌తో మొదలుపెట్టి, పిల్లలు, వాళ్ల పిల్లలు, ఇలా అదే సేవ్‌లో (దాచుకున్న ఆటలో) వంశాన్ని కొనసాగించడం. నేను పెట్టుకున్న నియమాలు రెండే. సిమ్‌లు తమంతట తామే పనులు చేసుకునే ఫ్రీ విల్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. చెడు ఏదైనా జరిగితే సేవ్ చేయకుండా బయటికొచ్చి పాత చోటు నుంచి మొదలుపెట్టకూడదు.

ఆ రెండో నియమం విలువ ఎక్కడ తెలిసిందో చెబుతాను. మూడో తరంలో ఒక పాప పుట్టినరోజు. కేక్ బల్ల మీద ఉంది, కొవ్వొత్తులు పెట్టడమే తరువాయి. సరిగ్గా అప్పుడే తాతయ్యకు ఆయుష్షు తీరింది. నల్ల ముసుగుతో మృత్యువు రూపమైన గ్రిమ్ రీపర్ వచ్చి నిలబడ్డాడు. ఇంటిల్లిపాదీ చేస్తున్న పనులు వదిలేసి చుట్టూ చేరి ఏడ్చారు. ఆ పాప కళ్లనీళ్లతోనే కొవ్వొత్తులు ఊది టీనేజర్ అయింది. ఆ తర్వాత ఆమెకు మరణభయం పట్టుకుంది. 2022 జులై అప్‌డేట్‌లో వచ్చిన కోరికలు, భయాల పద్ధతి ఇలాంటిచోటే పనికొస్తుంది. ఆమెను వంటమనిషిని చేద్దామనుకున్న నేను ఆ ఆలోచన వదిలేశాను, ఆ భయం చుట్టూనే ఆమె జీవితం నడిచింది. ఆ రోజు రీలోడ్ చేసుంటే పుట్టినరోజు చక్కగా జరిగేది, ఈ కథ పుట్టేది కాదు.

ప్రతి సిమ్‌కూ ప్రతి పనీ మనమే చెబుతూ పోతే ఇలాంటివి జరిగే సందే ఉండదు. ఒక ఇంట్లో 8 మంది దాకా ఉండొచ్చు; అందరి స్నానం, తిండి, నిద్ర మనమే చూస్తే ఆట చాకిరీగా మారుతుంది. నేను ఒకరిద్దరి మీదే దృష్టి పెట్టి మిగతావాళ్లను వాళ్ల మానాన వదిలేస్తాను. ఒకరిపై ఒకరికి భావాలు మిగిలిపోయే సెంటిమెంట్స్ అనే పద్ధతి వచ్చాక అన్నదమ్ముల మధ్య పాత కోపాలు కొన్నాళ్లపాటు నిలుస్తున్నాయి కాబట్టి వదిలేసినా కథ సాగుతుంది.

ఒకే కుటుంబం విసుగనిపిస్తే నాలుగైదు ఇళ్లు వంతులవారీగా ఆడటం మంచి మార్గం. అయితే సెట్టింగ్స్‌లో వయసు పెరగడం ఇప్పుడు ఆడుతున్న ఇంటికి మాత్రమే పెట్టుకోవాలి, లేదంటే తిరిగొచ్చేసరికి అక్కడి పిల్లలు పెద్దవాళ్లయిపోయి ఉంటారు. మనం ఆడని ఇళ్లలో మార్పులు జరిపే నైబర్‌హుడ్ స్టోరీస్‌లో ఏ కుటుంబానికి ఏ మార్పులు జరగొచ్చో ఎంచుకునే వీలుంది, దాన్ని కూడా ఒకసారి చూసుకోండి.

ఊరంతా తిరుగుతూ ఆడటం ఇష్టమైనవాళ్లకు ఈ గేమ్ అంతగా నచ్చకపోవచ్చు. 2009 నాటి సిమ్స్ 3లో ఊరంతా ఒకే ముక్కగా ఉండేది. ఇందులో పక్కింట్లోకి అడుగుపెట్టాలన్నా లోడింగ్ స్క్రీనే. ఇంటిపట్టున కథలు నడిపే నాకు ఇది పెద్దగా అడ్డు కాలేదు.

ప్యాక్‌లు కొనేముందు కనీసం రెండు తరాలు బేస్ గేమ్‌లోనే ఆడి చూడండి. 2023లో చంటిపిల్లలు కూడా ఉచితంగానే చేరారు కాబట్టి కుటుంబం నడపడానికి అది చాలు. అప్పటికీ కుటుంబాల మీదే మనసుంటే గ్రోయింగ్ టుగెదర్ ప్యాక్ తీసుకోండి; వాన, మంచు, పండగలు కావాలంటే సీజన్స్ ప్యాక్ తీసుకోండి. కట్టడమే ఇష్టమని తేలితే ఆ రెండూ తొందరపడి కొనక్కర్లేదు.