లాగిన్, సైన్ ఇన్: తెలుగు బటన్ మీద ఏది మేలు?

శ్రీకాకుళం జిల్లాలో సచివాలయం మెట్లెక్కిన వాళ్లకు బాగా తెలిసిన మాట: "మీ దరఖాస్తు ఇంకా వీఆర్వో గారి లాగిన్‌లోనే ఉందండి." కాగితం ఎవరి బల్ల మీదుందని అడిగే జనం ఇప్పుడు ఎవరి లాగిన్‌లో ఉందని అడుగుతున్నారు. అంతగా నలిగిన మాటను వదిలేసి, కొన్ని యాప్‌లు తెలుగులోనూ ‘సైన్ ఇన్’ అని పెడుతున్నాయి. నా ఓటు మాత్రం లాగిన్‌కే.

దాని పుట్టుక సముద్రం మీద. లాగ్ అంటే చెక్క మొద్దు. ఓడ వేగం తెలుసుకోవడానికి తాడుకు చెక్క కట్టి వెనక నీళ్లలో వదిలేవారు. 1574 నాటి ఇంగ్లీషు నావికుల పుస్తకంలోనే ఈ పద్ధతి ఉంది. తర్వాత తాడుకు ముడులు వచ్చాయి. చెక్క నీళ్లలో నిలిచిపోతుంది, ఓడ సాగేకొద్దీ తాడు విడుతుంది. 47 అడుగుల 3 అంగుళాలకో ముడి వేసి, 28 సెకన్ల ఇసుక గడియారం తిప్పి, ఈలోగా చేతిలోంచి ఎన్ని ముడులు జారితే గంటకు అన్ని నాటికల్ మైళ్లని లెక్క. మన కళింగపట్నం రేవుకు తెరచాప ఓడలొచ్చిన కాలంలోనూ ఇంగ్లీషు నావికుల లెక్క ఇదే. ఓడ వేగాన్ని ఇప్పటికీ నాట్లలో, అంటే ముడుల్లో, చెబుతున్నారు. ఆ అంకెలు రాసుకునే చిట్టా లాగ్ బుక్ అయింది, అందులో ఎక్కించడం లాగ్ చేయడమైంది. 1960ల్లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఒకే కంప్యూటర్‌ను పదిమంది పంచుకోవడం మొదలయ్యాక, పేరు ఎక్కించి లోపలికెళ్లే లాగిన్ అక్కడికీ చేరింది.

సైన్ ఇన్ కథ చిన్నది. పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్లడం. అర్థం తేలిక, అదే దాని బలం. మన దగ్గర చిక్కు కూడా అదే. ఫోన్ చేతికిస్తే పెద్దాయన వేలు గాల్లో ఆపి "సంతకం ఎక్కడెట్టాల బాబూ?" అంటాడు. ఆ అడగడంలో తప్పేమీ లేదు, బటన్ చెప్పింది అదే కదా. దాని కిందే ‘సైన్ అప్’ ఉంటే ఇంకా కష్టం: ఒకటి పాత ఖాతా తెరవడానికి, రెండోది కొత్తది చేయడానికి, చూపుకి మాత్రం కవలలు.

‘ప్రవేశించండి’ అచ్చులో బాగుంటుంది గానీ నోట ఎవరూ అనరు.

కాబట్టి ఖాతా ఉన్నవాళ్లకు ‘లాగిన్ అవ్వండి’, లేనివాళ్లకు ‘కొత్త ఖాతా తెరవండి’ అని రాయండి. రెండు బటన్లకూ రంగు వేరుగా పెట్టండి.