సేల్స్ జాబ్ గ్యారంటీ అని కోర్సు అమ్ముతున్నారా? ఫోన్ వాళ్ల చేతికిచ్చి ఓటీపీ చెప్పకండి

హైదరాబాద్‌లో సేల్స్ ఉద్యోగం కోసం తిరుగుతున్న వాళ్లు ఇది ఒక్కసారి చదవండి. ముఖ్యంగా "ఫీజు ఇప్పుడేం కట్టక్కర్లేదు, జాబ్ వచ్చాక నెల నెలా కట్టుకోండి" అని ఎవరైనా ఆశ పెడుతుంటే, సంతకం పెట్టక ముందే చదవండి. అలాంటి కోర్సులో చేరి నేను 48,000 రూపాయల అప్పులో పడ్డాను. ఆ అప్పు నా పేరు మీదే ఉంది. జాబ్ మాత్రం వాళ్ల వల్ల రాలేదు.

మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఎంబీఏ మార్కెటింగ్ అయ్యాక ఎస్‌ఆర్ నగర్ హాస్టల్‌లో దిగాను. సేల్స్‌లో ఎప్పుడూ ఖాళీలుంటాయని అందరూ అంటారు కదా, నెల తిరక్కుండా వచ్చేస్తుందనుకున్నాను. మూడు నెలల్లో పద్నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లాను. ఒకచోట బండి, లైసెన్స్ ఉన్నాయా అన్నారు. ఒకచోట హిందీ గడగడా రావాలన్నారు. ఎక్కువ చోట్ల రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ అడిగారు. మాదాపూర్‌లో ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో రెండు పోస్టులకు ముప్పై మందికి పైగా వచ్చాం. కూర్చోవడానికి కుర్చీలు చాలక మెట్ల మీద నిలబడ్డాం. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "ఏమన్నా తెలిసిందా బిడ్డా" అని మెల్లగా అడిగేది. ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆ టెన్షన్‌లో ఎవరు ధైర్యం చెప్పినా నమ్మేస్తాం. నేనూ నమ్మాను.

అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ నుంచి కాల్ వచ్చింది. నా రెజ్యూమె జాబ్ సైట్‌లో చూశామన్నారు. 45 రోజుల సేల్స్ ట్రైనింగ్, ఆ తర్వాత జాబ్ గ్యారంటీ, జీతం 25 వేల నుంచి మొదలు. ఫిబ్రవరిలో ఒక శనివారం వెళ్లాను. కౌన్సెలర్ మేడమ్ చాలా ఆప్యాయంగా మాట్లాడారు. ఫీజు 48,000 అనగానే నేను లేవబోయాను. "కూర్చో తమ్ముడూ, ఇప్పుడు కట్టమని ఎవరన్నారు? జాబ్ వచ్చాక నెలకు నాలుగు వేలు, పన్నెండు నెలలు. వడ్డీ కూడా లేదు" అన్నారు.

అప్పుడు జరిగింది మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫామ్ త్వరగా నింపుతానని ఆమె నా ఫోన్ తీసుకున్నారు. ఆధార్ నంబర్, పాన్ నంబర్ కొట్టారు. ఓటీపీ వస్తే చదవమన్నారు, చదివాను. కెమెరా నా ముఖానికి ఎదురుగా పెట్టి ఒకసారి కళ్లు ఆర్పమన్నారు. బ్యాంకు అకౌంట్ వివరాలు తీసుకున్నారు, ఇంకో ఓటీపీ చదివించారు. "ఇది లోనా మేడమ్?" అని అడిగాను. "లోన్ కాదు తమ్ముడూ, మా ఫీజుకు వాయిదాలు అంతే" అన్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. స్క్రీన్ మీద ఏముందో నేను ఒక్క పేజీ కూడా పూర్తిగా చదవలేదు.

అది లోనే. ఒక ఫైనాన్స్ కంపెనీ నా పేరు మీద ఇచ్చిన లోన్. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిపోయింది. నేను చదివిన రెండో ఓటీపీ, నెలనెలా నా అకౌంట్‌లోంచి డబ్బు కట్ చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి. జాబ్ వచ్చిందా లేదా అనేది ఫైనాన్స్ కంపెనీకి సంబంధం లేని విషయం. ఇదంతా నాకు మార్చి 5న, ఇంకా క్లాసులు నడుస్తుండగానే తెలిసింది. హాస్టల్ ఫీజు కోసం దాచుకున్న 6,200లో నాలుగు వేలు పొద్దున్నే కట్ అయ్యాయి. ఏప్రిల్‌లో అకౌంట్‌లో డబ్బు లేదు. వాయిదా బౌన్స్ అయింది. ఫైనాన్స్ కంపెనీ 590, బ్యాంకు 590 వేశాయి. అప్పులు సరిగ్గా కడతామా లేదా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు పడిపోయింది. మే నెల వాయిదా నాన్న యాసంగి వడ్లు అమ్మిన డబ్బుల్లోంచి పంపాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక ఆ జాబ్ గ్యారంటీ సంగతి. కోర్సు అయ్యాక మూడు ఇంటర్వ్యూలకు పంపారు. మొదటిది ఇన్సూరెన్స్ ఏజెంట్ పని. ఏజెంట్‌గా చేరాలంటే ఐసీ-38 పరీక్ష పాసవ్వాలి, ఆ తర్వాత పాలసీ అమ్మితేనే కమీషన్. అది జీతం ఉండే ఉద్యోగం కాదు. రెండోది క్రెడిట్ కార్డులు అమ్మే పని, బ్యాంకు ఉద్యోగిగా కాదు, వేరే ఏజెన్సీ పేరోల్ మీద, అంటే జీతం ఇచ్చేది ఆ ఏజెన్సీ. 11 వేలు ఇస్తారు, నెల టార్గెట్ తప్పితే అందులోంచే కోత. మూడోచోట లోపలికి వెళ్తే, అక్కడ రోజూ వాక్-ఇన్ జరుగుతుందని రిసెప్షన్‌లో చెప్పారు. ఎవరైనా వెళ్లొచ్చట.

ఇదేంటని ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి అడిగితే నేను సంతకం పెట్టిన ఫామ్ ముందు పెట్టారు. బ్యానర్ మీద ఉన్నది "జాబ్ గ్యారంటీ". ఫామ్ వెనక సన్న అక్షరాల్లో ఉన్నది "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్, మూడు ఇంటర్వ్యూల వరకు". ఫీజు తిరిగి ఇవ్వబడదని కింద ఇంకో లైను. సంతకం నాదే. అప్పుడు ఆ మేడమ్ కూడా నన్ను తమ్ముడూ అనలేదు, సార్ అన్నారు.

ఈ వారంలోనే ఎవరైనా ఇలా చేరి ఉంటే వెంటనే మీ మెయిల్, మెసేజ్‌లు వెతకండి. డిజిటల్ లోన్ ఇచ్చేటప్పుడు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలన్నది ఆర్బీఐ రూలు. అందులో అసలు, వడ్డీ, ఛార్జీలతో పాటు కూలింగ్ ఆఫ్ గడువు కూడా ఉంటుంది. ఆ గడువులోగా అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా లోన్‌లోంచి బయటపడొచ్చు. ఆ గడువు చాలా చిన్నది, అందుకే ఈ రోజే చూడండి. ఇన్‌స్టిట్యూట్‌కూ, ఫైనాన్స్ కంపెనీకీ రెండింటికీ రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు. నాకు అది తెలిసేసరికి గడువు ఎప్పుడో దాటిపోయింది.

కోపంతో వాయిదాలు ఆపేయకండి. ఇన్‌స్టిట్యూట్ మోసం చేసినా సిబిల్ దెబ్బ తగిలేది మనకే. నేను ముందు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. బ్యానర్ ఫొటో, కాల్ రికార్డింగ్, వాట్సాప్ మెసేజ్‌లు దగ్గర పెట్టుకున్నాను కాబట్టి మాట్లాడటానికి ఏదో ఒక ఆధారం ఉంది. 15 వేలు తిరిగిస్తామని ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ముందుకొచ్చారు, నేను ఒప్పుకోలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు ఫీజు లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. ఫైనాన్స్ కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే ముందు వాళ్లకు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు. సందేహాలకు ఆర్బీఐ నంబర్ 14448.

సేల్స్ జాబ్ ఎవరు ఇస్తామన్నా మూడు విషయాలు మొహమాటం లేకుండా అడగండి: ఫిక్స్‌డ్ జీతం ఎంత, పేరోల్ ఎవరిది, పీఎఫ్ ఉందా. చేరడానికి డబ్బు కట్టమంటే, దాన్ని డిపాజిట్ అన్నా, కిట్ అన్నా, ట్రైనింగ్ అన్నా, లేచి వచ్చేయండి. ఉద్యోగాల కోసం కేంద్ర కార్మిక శాఖ నడిపే ఎన్‌సీఎస్ పోర్టల్‌లో రిజిస్టర్ కావడానికి ఒక్క రూపాయి అవసరం లేదు.

చివరికి నాకు పని దొరికే దారి కనిపించింది హాస్టల్ కింద కిరాణా షాపులో. బిస్కెట్లు, సబ్బుల ఆర్డర్ రాసుకోవడానికి ప్రతి మంగళవారం ఒక సేల్స్‌మన్ వస్తాడు. ఒకరోజు టీ తాగుతూ "అన్నా, మీ దగ్గర ఖాళీలున్నాయా" అని అడిగాను. ఆయన తన డిస్ట్రిబ్యూటర్ నంబర్ ఇచ్చాడు. ఇప్పుడు మూసాపేట నుంచి రోజుకు నలభై షాపులు తిరుగుతున్నాను. 16 వేలు, పెట్రోల్ డబ్బులు, టార్గెట్ దాటితే ఇన్సెంటివ్, పీఎఫ్ ఉంది. ఎండకు ఒళ్లు మండుతుంది, అయినా జీతం ఒకటో తారీఖున పడుతుంది.

అందులో నాలుగు వేలు ఐదో తారీఖున కట్ అవుతాయి. ఇంకా నాలుగు వాయిదాలున్నాయి.