లోండో, జికార్ ఒకవైపు. కీరా, సిస్కో మరోవైపు

గ్రహాంతర జాతుల తగవులు చూడాలంటే ‘బాబిలాన్ 5’ మేలా, ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’ మేలా? అమలాపురంలో మా మిత్రుల మధ్య ఎప్పటికీ తెగని వాదం ఇది. రెండూ 1993లోనే టీవీలోకి వచ్చాయి, రెండూ అంతరిక్ష కేంద్రాల్లో నడిచే కథలే.

బాబిలాన్‌లో రాయబారుల మధ్యే నిప్పు రాజుకుంటుంది. సెంటారీ రాయబారి లోండో పాత సామ్రాజ్య వైభవం కోసం షాడోలనే ప్రాచీన జాతితో చేతులు కలుపుతాడు. ఆ బేరం చివరకు సెంటారీల శత్రువులైన నార్న్‌ల గ్రహం మీద బండరాళ్ల వర్షమై కురుస్తుంది. ఓడిన నార్న్ రాయబారి జికార్‌ను మండలి నుంచి వెళ్లగొట్టే ఘట్టం చూసి తీరాలి. మనుషులకూ మిన్బారీలకూ యుద్ధం మొదలైన తీరు మరీ ఘోరం: వాళ్లు గౌరవసూచకంగా ఆయుధ ద్వారాలు తెరిచి వస్తే, మనవాళ్లు దాడి అనుకుని కాల్చారు.

డీప్ స్పేస్ నైన్ మొదలయ్యేసరికే బజోర్ గ్రహం మీద కార్డాసియన్ల ఆక్రమణ ముగిసింది. దాళ్వా నీటి తగవు తీరినా ఎగువ రైతూ శివారు రైతూ మర్నాడు అదే గట్టు మీద ఎదురుపడక తప్పదు కదా. బజోర్ పోరాటయోధురాలు కీరాకు కార్డాసియన్లతో అదే పరిస్థితి. చివరి సీజన్‌లో వాళ్లకే ఆమె తిరుగుబాటు పాఠాలు నేర్పుతుంది! ఇక 1998 నాటి ఒక ఎపిసోడ్‌లో కేంద్రం అధిపతి సిస్కో కల్పిత సాక్ష్యంతో రోములన్లనే మరో జాతిని తన పక్షాన యుద్ధంలోకి దింపాలని చూస్తాడు, అది ఒక సెనేటర్ హత్య దాకా పోతుంది. ఇంత చేదైన దౌత్యం బాబిలాన్‌లోనూ అరుదే.

అయినా నా ఓటు బాబిలాన్‌కే, మొదటి సీజన్ నిదానాన్ని ఓర్చుకోగలిగితే. ఏ రోజుకారోజు ముగిసే కథలు కావాలంటే రెండోది పెట్టుకోండి.