వెనకేసుకొచ్చే దేశభక్తా, నిలదీసే దేశభక్తా: ఏది మేలు?

దేశభక్తి మంచిదా కాదా, ఒక్క మాటలో తేల్చి చెప్పమని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. తేల్చవచ్చు గానీ, ముందు ఏ దేశభక్తి గురించి అడుగుతున్నారో చెప్పాలి. ఒకే పేరు పెట్టుకుని కనీసం రెండు రకాలు తిరుగుతున్నాయి. రెంటికీ ఒకదానంటే ఒకదానికి పడదు.

మొదటి రకానికి తప్పొప్పులతో పనిలేదు, నా దేశం నా దేశమే. 1816లో అమెరికా నౌకాదళ అధికారి స్టీఫెన్ డెకేటర్ ఒక విందులో ఈ అర్థం వచ్చేలా మాట్లాడాడు. నిజానికి అతను ముందు మన దేశం ఎప్పుడూ న్యాయం పక్షానే ఉండాలని కోరుకుని, ఆ తర్వాతే ఆ మాట అన్నాడు. జనానికి రెండో సగమే గుర్తుండిపోయింది.

ఈ రకాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం తేలికే, కానీ న్యాయం కాదు. 1984లో తత్వవేత్త అలస్డేర్ మెకింటైర్ దేశభక్తి సద్గుణమేనా అన్న ప్రశ్న మీదే ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మంచీచెడూ మనకు గాల్లోంచి ఊడిపడవు, ఒక సమాజంలో పెరుగుతూ నేర్చుకుంటాం, అలాంటప్పుడు ఆ సమాజం పట్ల విధేయతను పక్కన పెడితే నీతికే ఆధారం పోతుంది కదా అన్న వాదనను ఆయన చాలా బలంగా వినిపించాడు. ఇంకో సంగతి కూడా ఉంది. శత్రువు సరిహద్దు దాటి వచ్చేసినప్పుడు లెక్కలు చూసుకుంటూ కూర్చునేవాళ్లతో దేశం నిలబడదు. ఆ పూట మొదటి రకమే పనికొస్తుంది.

రెండో రకం డెకేటర్ మాటకు జవాబుగా వచ్చిందే అనుకోవచ్చు. జర్మనీలో పుట్టి అమెరికా సెనేటర్ అయిన కార్ల్ షుర్జ్ 1872లో సెనేట్‌లోనే ఆ మాటకు తోక తగిలించాడు: దేశం ఒప్పు చేస్తుంటే ఆ దారిలోనే నిలపాలి, తప్పు చేస్తే సరిదిద్దాలి. దీనికీ ఒక రోగం ఉంది. సరిదిద్దడం మానేసి తిట్టడంతోనే సరిపెట్టుకునేవాళ్లు ఇందులో బోలెడుమంది. దేశం ఏం చేసినా వాళ్లకు నచ్చదు, అలాగని ఏదీ భుజాన వేసుకోరు.

రెంటిలో ఏది మేలో తేల్చడానికి త్యాగం, ధైర్యం, చరిత్ర అంటూ చాలా కొలతలు చెబుతారు. నా మటుకు ఒక్కటే కొలత. ఆ దేశభక్తిలో సిగ్గుపడటానికి చోటుందా? మనం పుట్టకముందు ఎవరో గెలిచిన యుద్ధానికీ, ఎవరో కట్టిన కట్టడానికీ ఛాతీ ఉబ్బించుకుంటాం. అందులో మన చెయ్యి ఏమీ లేదు. అయినా గర్వం మనదే అంటాం. సరే, అంటే తప్పులేదు. అలాంటప్పుడు మన దేశం చేసిన ఘోరాల దగ్గరకు రాగానే "అప్పుడు నేను పుట్టలేదు, నాకేం సంబంధం" అనడం ఎలా కుదురుతుంది? లాభంలోనే వాటా అడిగితే దాన్ని ప్రేమ అనలేం.

ఈ కొలతకు నిలబడ్డ మనిషి విల్లీ బ్రాంట్. నాజీలు అధికారంలోకి రాగానే జర్మనీ వదిలి నార్వే పారిపోయాడు. 1938లో వాళ్లు అతని పౌరసత్వం కూడా లాగేసుకున్నారు. వాళ్లు చేసిన హత్యల్లో అతనికి ఏ పాపమూ లేదు. అయినా 1970 డిసెంబర్ 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హోదాలో పోలండ్‌లోని వార్సా వెళ్లి, నాజీల మీద యూదులు చేసిన తిరుగుబాటు స్మారకం ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పట్లో ఒక పత్రిక సర్వే చేస్తే, అది అతి అన్నవాళ్లు 48 శాతం, సరైన పనే అన్నవాళ్లు 41 శాతం. దేశం పరువు తీశాడని చాలామందికి కోపం. నాకైతే ఆ దేశాన్ని అంతగా సొంతం చేసుకున్న మనిషి మరొకరు కనబడరు.

సిగ్గుకు చోటు లేకపోతే ఏమవుతుందో ఫ్రాన్స్ చూసింది. 1894లో ఆల్‌ఫ్రెడ్ డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని గూఢచారి అని శిక్షించారు. తప్పు జరిగిందని తేలిపోతుంటే, సైన్యం పరువు నిలబెట్టడానికి హెన్రీ అనే అధికారి దొంగ ఉత్తరం పుట్టించాడు. 1898లో బండారం బయటపడి జైల్లో ప్రాణం తీసుకున్నాడు. విచిత్రం ఏమిటంటే, రచయిత షార్ల్ మొరాస్ ఆ ఫోర్జరీని దేశభక్తితో చేసిన పనిగా మెచ్చుకున్నాడు, హెన్రీ భార్య కోసం వేలమంది చందాలు ఇచ్చారు. డ్రైఫస్ నిర్దోషి అని కోర్టు తేల్చేసరికి 1906 వచ్చింది. దొంగ కాగితం కూడా దేశసేవ అయిపోయిన చోట, దేశానికి జబ్బు చేస్తే చెప్పేవాడెవరు?

"కన్నతల్లిని ప్రేమించడానికి లెక్కలు చూస్తామా?" అని ఇక్కడ తప్పకుండా అడుగుతారు. చూడం. కానీ అమ్మ మన పన్నులతో తుపాకులు కొని, మన పేరు మీద పక్కింటివాళ్ల మీదకు వెళ్లదు. దేశం వెళ్తుంది. అందుకే ఈ పోలిక నాకు ఎప్పుడూ సరిపోలేదు.

మిగతా రకాల గురించి క్లుప్తంగా. రాజ్యాంగ విలువల పట్ల విధేయతే చాలునన్నది 1979లో జర్మన్ రాజనీతి పండితుడు డోల్ఫ్ స్టెర్న్‌బెర్గర్ పేరుపెట్టిన ఆలోచన. బాగుంది, కాస్త చల్లగా ఉంటుంది. అందరం విశ్వమానవులమే అనడం గొప్పగా ఉంటుంది గానీ, ఎవరి తప్పుకు ఎవరు పూచీ పడాలో అందులో తెలియదు. జాతీయవాదాన్ని 1916లో జపాన్ వెళ్లి మరీ విమర్శించిన టాగోర్ కూడా, జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో సర్ బిరుదు వదులుకుని తన దేశ ప్రజల పక్కనే నిలబడతానన్నాడు. ఆటల పోటీల రోజు పుట్టి మర్నాటికి పోయే రకాన్ని ఈ పోటీలో కలపడం లేదు. దానివల్ల పెద్ద నష్టమూ లేదు.

ఇక దేశభక్తి దానంతటదే మంచిదా అంటే, కాదనే నా జవాబు. హెన్రీకీ అది ఉంది, బ్రాంట్‌కీ ఉంది. రెండో రకం వైపే నా మొగ్గు, కాకపోతే దానికి గిట్టుబాటు తక్కువని ముందే తెలుసుకోవాలి. 1968లో వియత్నాంలోని మైలాయ్‌లో తన దేశ సైనికులే ఊరివాళ్లను చంపుతుంటే, హ్యూ థాంప్సన్ అనే అమెరికన్ పైలట్ హెలికాప్టర్‌ను మధ్యలో దింపి కొందరిని కాపాడాడు. శిక్షించాల్సింది ఇతన్నే అని ఒక కాంగ్రెస్ సభ్యుడు అన్నాడు. ఆ పనికి సైన్యం సోల్జర్స్ మెడల్ ఇచ్చింది 1998లో.