వారంటీ అయిపోయాక చచ్చిన మీటర్ ముళ్ళు: బాగుచేయించి రెండున్నరేళ్ళు వాడాక

ముందే చెప్తున్నా, ఇది కొత్త బండి రివ్యూ కాదు. ఏడేళ్ళ పాత కారు, లక్ష దాటి తిరిగింది, ఇంజిన్‌ని ఒక్క మాట అనడానికి లేదు, క్లచ్ కూడా ఇంకా మొదటిదే, నన్ను ఏడిపించింది మాత్రం డ్యాష్‌బోర్డులో ఉన్న నాలుగు ప్లాస్టిక్ ముళ్ళు. వారంటీ 3 ఏళ్ళు. అది అయిపోయిన ఏడాదికి మొదలైంది గోల.

మొదట ఫ్యూయల్ ముల్లు. ఒకరోజు ట్యాంక్ ఫుల్ చేయించి స్టార్ట్ చేస్తే పావు దగ్గరే కూర్చుంది. పాపం బంకు అబ్బాయి తక్కువ కొట్టాడేమో అని దిగి మళ్ళీ పంపు మీద అంకెలు చూసొచ్చా. తర్వాత విసుగొచ్చి మీటర్ పైన అరచేత్తో ఒక్కటి తడితే గబుక్కున లేచి ఫుల్ మీద నిలబడింది. సరేలే అని వదిలేశా, అదే నేను చేసిన తప్పు. రెండు నెలలకి స్పీడోమీటర్ ముల్లుకి కూడా అదే రోగం పట్టింది. బండి షెడ్డులో ఉంది, తాళం నా చేతిలో ఉంది, ముల్లు మాత్రం 40 మీద పోతోంది!

సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ ఏమీ లేదన్నారు, అని రెండు నిమిషాల్లోనే క్లస్టర్ (అంటే ముళ్ళన్నీ ఉండే మీటర్ డబ్బా) మొత్తం మార్చాలి సార్ అన్నారు. లోపల ఏం పోయిందండీ అంటే మేం విప్పం సార్, సెట్టుగానే వస్తుంది అని సమాధానం. చెప్పిన రేటు వింటే నా ఏడాది సర్వీసు ఖర్చులు రెండుసార్లు కట్టొచ్చు. పైగా కొత్త క్లస్టర్‌కి ఓడోమీటర్ రీడింగ్ ఎక్కించాలి, కొన్ని బళ్ళలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళం కాకపోతే బండిని స్టార్ట్ కానివ్వనిది) కూడా అందులోనే ఉంటుంది కాబట్టి తాళాలు మళ్ళీ నేర్పించాలి, అదంతా వేరే చార్జి. గుడ్‌విల్ కింద కంపెనీ సగం భరిస్తుందేమో అడగండి అని నేనే మెయిల్ పెట్టా, కుదరదని వచ్చింది. వారంటీ అయిన కొత్తలో, సర్వీసు బిల్లులన్నీ జతచేసి, మొదటి ముల్లు పోయినప్పుడే రాతపూర్వకంగా అడిగి ఉంటే కాస్తో కూస్తో వాదించడానికి ఉండేది, నేను మీటర్ మీద తడుతూ నెలలు గడిపేశా.

అక్కడ్నుంచి ఇంటికొచ్చాక కూర్చుని ఆలోచిస్తే ఒకటి అర్థమైంది, అసలు అబద్ధం చెప్తోంది ఎవరో తెలియకుండా పార్టు కొనకూడదు. ట్యాంకులో ఇంధనం మీద తేలుతూ మట్టం చెప్పే ఫ్లోట్ ఉంటుంది, అది తప్పు చెప్పొచ్చు. మధ్యలో వైరు తెగొచ్చు. లేదా సమాచారం సరిగ్గానే వచ్చి ముల్లే కదలకపోవచ్చు. స్టీరింగ్ కింద బండి కంప్యూటర్‌లోని సమాచారం చదవడానికి 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది కదా, ఒక బ్లూటూత్ రీడర్ కొని దానికి గుచ్చి ఫోన్లో యాప్ పెట్టా. రోడ్డు మీద ఫోన్లో 52, 53, 55 అని స్పీడు చక్కగా వస్తోంది, మీటర్‌లో ముల్లు 90 దగ్గర వణుకుతోంది. కూలెంట్ టెంపరేచర్ కూడా ఫోన్లో 91, 92. అంటే బండికి అన్నీ తెలుసు, చూపించేదే పాడైంది. ఫ్యూయల్ శాతం మాత్రం అన్ని బళ్ళూ ఈ సాకెట్‌లో ఇవ్వవు, నాది ఇచ్చింది, అదృష్టం.

ఇంకో మాట, ఫ్యూయల్ ముల్లు ఒక్కటే తేడా చేసి మిగతావి బాగుంటే ముందు ట్యాంకులో ఫ్లోట్‌నే అనుమానించండి, అక్కడ ఫ్లోట్ ఎంత ఎత్తులో ఉందో కొలిచే రెసిస్టర్ పట్టీ అరిగిపోతుంది. నాకు వరసగా రెండు పోయాయి కాబట్టే క్లస్టర్ మీదికి వెళ్ళా.

తర్వాత ఎలక్ట్రానిక్ బోర్డులు రిపేరు చేసే ఒకాయన దగ్గరికి వెళ్ళా. పెద్దాయన, మాట తక్కువ. ముళ్ళు పీకేముందు ఒక్కోటి ఎక్కడుందో డయల్ మీద సన్న టేపు ముక్క అంటించి గీత గీశాడు, డయల్ గీరుకుపోకుండా గుడ్డ పరిచి రెండు టీ స్పూన్లు అటూ ఇటూ పెట్టి నిదానంగా పైకి లేపితే టప్ మని ఊడింది. కింద అగ్గిపెట్టె కన్నా చిన్న నల్ల మోటారు, నాలుగు కాళ్ళు. స్టెప్పర్ మోటారు అంటారు. మల్టీమీటర్ పెట్టి చూపించాడు, ఈ రకం మోటార్లలో ఒక్కో కాయిల్‌కి సుమారు 280 ఓములు రావాలట, ఒకదానికి అసలు రీడింగే లేదు, ఇంకోటి వేలితో కదిపితే వస్తోంది పోతోంది. దీంట్లో తమాషా ఏంటంటే ముల్లు ఎక్కడుందో క్లస్టర్‌కి తెలీదు, కీ ఆన్ చేయగానే సున్నా దగ్గర స్టాపర్‌కి కొట్టించి అక్కడ్నుంచి ఇన్ని అడుగులు వేశా అని లెక్కపెట్టుకుంటుంది అంతే. మోటారు మధ్యలో రెండు అడుగులు ఎగ్గొడితే లెక్క తప్పిపోయి మనకి 40 మీద షెడ్డులో పరుగు. నాలుగు మోటార్లూ ఒకే వయసువి కదా, రెండు పోయాయంటే మిగతా రెండూ లైన్లో ఉన్నట్టే, నాలుగూ మార్చేయమన్నా. పాత టంకాలు కూడా వేడి చేసి మళ్ళీ వేశాడు. మొత్తం ఖర్చు కొత్త క్లస్టర్ రేటులో పదో వంతు కూడా కాలేదు, మన బోర్డే కాబట్టి ఓడోమీటర్ రీడింగ్ అలాగే ఉంది. అయినా తేదీ, రీడింగ్ బిల్లు మీద రాయించుకున్నా, రేపు బండి అమ్మితే అనుమానాలు వద్దు.

ముల్లు తిరిగి బిగించాక మాత్రం ఊరికే నమ్మలేదు. ఖాళీ రోడ్డు మీద ఫోన్ జీపీఎస్‌తో పోల్చా, చూసి చెప్పడానికి తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నా. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ రెగ్యులేషన్ ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదు, ఎక్కువ చూపిస్తే పది శాతం ప్లస్ 4 కిలోమీటర్ల లోపు ఉండాలి. అంటే జీపీఎస్ 80 అంటే మీటర్ 80 నుంచి 92 మధ్య ఉండొచ్చు. నాది మొదటిసారి 77 చూపించింది, వెనక్కి తీసుకెళ్తే ముల్లు ఒక్క వెంట్రుకవాసి జరిపి పెట్టాడు, ఇప్పుడు 83.

ఇక రెండున్నరేళ్ళ వాడకం. స్పీడు, ఆర్పీఎమ్ (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) ముళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. ఫ్యూయల్ ముల్లు చలి పొద్దుల్లో స్టార్ట్ చేసిన మొదటి అర నిమిషం సన్నగా వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది, అదొక్కటే నాకు నచ్చనిది. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది, దాన్ని చూసి సంబరపడకండి, చాలా కార్లలో ఇంచుమించు 80 నుంచి 100 డిగ్రీల దాకా ఎంతున్నా ముల్లు మధ్యలోనే నిలబెడతారు, అది కదిలేసరికే ఆలస్యం. అందుకే లాంగ్ డ్రైవ్‌కి రీడర్ పెట్టుకుని అంకె చూస్తా. ఆ రీడర్ కూడా ఒకసారి పీకడం మర్చిపోయి పది రోజులు వదిలేస్తే బ్యాటరీ దిగిపోయి జంపర్ పెట్టాల్సి వచ్చింది, ఆ తప్పు నాదే. విప్పి బిగించిన ప్లాస్టిక్ మాత్రం గతుకుల్లో కిచకిచమంటోంది, పాట పెడితే వినిపించదు కాబట్టి పట్టించుకోవడం మానేశా.

రిపేరు దొరికేవరకు మీటర్ లేకుండా ఎలా నడిపావని అడుగుతారు కదా, ట్యాంక్ నింపిన ప్రతిసారీ ట్రిప్ మీటర్ సున్నా చేసి 350 రాగానే మళ్ళీ నింపేవాణ్ణి. ముల్లు బాగయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు, మా ఆవిడ ఇంకా నవ్వుతుంది, మీటర్ ఉండగా అంకెలు లెక్కపెట్టేది నువ్వొక్కడివే అని.