సెక్యూర్ బోర్డు కొనేముందు బూట్ లాగ్ అడగండి, నాకు మూడు బోర్డులు దండగయ్యాయి

"ఆప్‌టీ ఉంది, సెక్యూర్ బూట్ ఉంది" అన్న మాట నమ్మి పోయిన నెల ఆన్‌లైన్‌లో మూడు ఆర్మ్ బోర్డులు (ఆర్మ్ చిప్ ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డులు) తీసుకున్నాను. ఆప్‌టీ (OP-TEE) అంటే చిప్‌లో మామూలు సిస్టమ్‌కి విడిగా ఉండే సెక్యూర్ వైపు నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. సెక్యూర్ బూట్ అంటే సంతకం సరిచూసిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానివ్వడం. కంపెనీ పేరు రాయడం లేదు, గొడవ ఇంకా నడుస్తోంది.

నాకు కావాల్సింది మెజర్డ్ బూట్, అంటే బూట్‌లో లోడయ్యే ప్రతి భాగం హ్యాష్‌నీ (వేలిముద్ర లాంటి చిన్న కోడ్) నమోదు చేసుకుంటూ పోవడం. దానికి లైనక్స్ కెర్నెల్ లోడ్ కాకముందే, యూ-బూట్ (లైనక్స్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్) దశలోనే, ఆప్‌టీ లోపల నడిచే ఎఫ్‌టీపీఎంతో (ఆ హ్యాష్‌లని భద్రంగా దాచే, సెక్యూరిటీ చిప్ పని చేసే ప్రోగ్రామ్) మాట్లాడాలి. సీరియల్ కేబుల్ (బూట్ లాగ్‌ని, అంటే ఆన్ అయ్యేటప్పుడు బోర్డు ఇచ్చే సందేశాల్ని, కంప్యూటర్‌లో చూపించే తీగ) పెట్టి ఆన్ చేస్తే వచ్చింది "ఆప్‌టీ కేపబిలిటీస్ మిస్‌మ్యాచ్". అంటే యూ-బూట్‌కి కావాల్సిన సౌకర్యం ఆప్‌టీలో లేదని. అంతే, ఎఫ్‌టీపీఎం ఊసే లేదు.

సపోర్టుకి రాస్తే లైనక్స్‌లో ఎక్స్‌టెస్ట్ (ఆప్‌టీని పరీక్షించే ప్రోగ్రామ్) పాసైన వీడియో పంపారు. నిజమే, నా దగ్గరా పాసైంది. మెలికంతా అక్కడే ఉంది. సెక్యూర్ వైపుకీ మామూలు వైపుకీ మధ్య డేటా పోవాలంటే షేర్డ్ మెమరీ (రెండు వైపులా చూడగల మెమరీ) కావాలి. ఫర్మ్‌వేర్ (బోర్డులో ముందే వేసి ఉండే సాఫ్ట్‌వేర్) బిల్డ్ చేసేటప్పుడే కొలిచి పక్కన పెట్టేసిన ముక్క ఒక రకం. అవసరమైనప్పుడు మామూలు ర్యామ్‌లోంచి పేజీలు రిజిస్టర్ చేసుకునే డైనమిక్ పద్ధతి ఇంకో రకం. లైనక్స్ డ్రైవర్ ఏది ఉంటే దాంతో సర్దుకుంటుంది. యూ-బూట్ డ్రైవర్ మాత్రం డైనమిక్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. ఆప్‌టీ సోర్సులో డైనమిక్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. వీళ్లు ఎందుకు పీకేశారో దేవుడికే ఎరుక.

పోనీ లైనక్స్‌లోనే వాడదామంటే, ముందే పక్కన పెట్టిన ఆ ముక్క సైజు మొత్తం 2 ఎంబీ. ట్రస్టెడ్ యాప్‌కి (ఆప్‌టీ లోపల నడిచే యాప్) 3 ఎంబీ ఫైలు ఇవ్వబోతే "అవుటాఫ్ మెమరీ". బోర్డులో ర్యామ్ చూస్తే 4 జీబీ!

ఆప్‌టీ నేనే మళ్లీ బిల్డ్ చేసుకుందామనుకున్నా. ఫ్యూజుల్లో (చిప్‌లో ఒక్కసారే రాయగల, మళ్లీ చెరపలేని బిట్లు) వాళ్ల సంతకం కీ హ్యాష్ కాల్చేసి మరీ పంపారు. వాళ్ల సంతకం లేని ఇమేజ్‌ని చిప్ బూట్ చేయదు.

మీరెవరైనా ఇలాంటి బోర్డు చూస్తుంటే యూ-బూట్ సీరియల్ లాగ్ మొదటి లైను నుంచీ పంపమనండి. లైనక్స్ లాగ్‌లో ఆప్‌టీ పక్కన "డైనమిక్ షేర్డ్ మెమరీ ఈజ్ ఎనేబుల్డ్" అని ఉండాలి. ఎక్స్‌టెస్ట్ వీడియో చూపిస్తే సరిపోదు. ఫ్యూజులు కాల్చారా లేదా అన్నది డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి.

రిటర్న్ గడువు 10 రోజులు. నేను టెన్షన్ పడుతూ ఇదంతా తవ్వి తేల్చేసరికి 12వ రోజు. "ఇది డిఫెక్ట్ కాదు" అని టికెట్ మూసేశారు. పోట్లాడి మళ్లీ తెరిపించాను. కొత్త ఫర్మ్‌వేర్ ఇస్తామంటున్నారు, ఎప్పుడో మాత్రం చెప్పట్లేదు.